రిబ్బన్ కింద నుంచి ఎక్స్‌రే

భద్రాచలం దగ్గర ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా నేను చేరిన కొత్తలో జరిగింది. ఆ రోజు కొత్త మెషీన్ గదికి ప్రారంభోత్సవం. పాత మెషీన్‌ను ముందే పీకేశారు; ముఖ్య అతిథి మాత్రం ఇంకా రాలేదు. అంతలో తాటిచెట్టు మీది నుంచి పడ్డ మనిషిని తెచ్చారు. అతనికి ఊపిరి అందడం లేదు.

"సార్, జల్దీ ఎక్స్‌రే తియ్యాలె!" అన్నాను.

"రిబ్బన్ కట్ కాకుండ లోపలికి ఎట్ల పోతవమ్మా?" అన్నారు మా అడ్మినిస్ట్రేటర్, కత్తెర పళ్లెం పట్టుకుని.

"రిబ్బనేంది సారూ, నా మనిషి పోతుండు!" అని అతని భార్య బావురుమంది.

ఆయన గంభీరంగా ఆలోచించి, రెండు చేతులతో రిబ్బన్ పైకెత్తారు. దాని కింద నుంచి స్ట్రెచర్ తోసుకుపోయాను. విరిగిన పక్కటెముక ఊపిరితిత్తికి గుచ్చుకుందని ఎక్స్‌రేలో తేలింది. డాక్టర్ వెంటనే ట్యూబు వేసి బతికించారు.

సాయంత్రం సభలో మా అడ్మినిస్ట్రేటర్ టీమ్‌వర్క్ గురించి అరగంట మాట్లాడారు. నేనూ చప్పట్లు కొట్టాను. నిజమే మరి, ఆయన ఎత్తకపోయుంటే ఆ రిబ్బన్ నేనే తెంపేసేదాన్ని!