పేర్ల పెద్దమనిషి

మా పరిశోధన కేంద్రం నుంచి ఒక వ్యాసం అచ్చయిందంటే, దాని పైనున్న పేర్లు చదివేసరికే ఆయాసం వస్తుంది. ఒకసారి ఆరు పేజీల వ్యాసానికి పదిహేడు మంది రచయితలు! వాళ్ళలో జీపు డ్రైవరు బెలాయ్ కూడా ఉన్నాడు. పాపం, బెలాయ్ మంచివాడు, వాణ్ణేమీ అనను. కానీ ఆ వ్యాసం దేని గురించో వాడికి ఇవాళ్టికీ తెలియదు. ఈ ఘనకార్యాలన్నీ గాషే జెర్గా తీర్పులు.

గాషే అంటే మా వైపు పెద్దవాళ్ళను పిలిచే పిలుపు. జెర్గా మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త. తెల్లజుట్టు, భుజం మీద మడత నలగని గాబి దుప్పటి, నెమ్మది మాట. నేను డైరెక్టరు గది బయట కూర్చునే గుమస్తాను. నా పేరు ఎతాగెన్. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక అన్న రగడలన్నీ నా బల్ల ముందు నుంచే లోపలికి వెళ్ళేవి. వినీ వినీ నాకు విసుగొచ్చింది. గాషేకు మాత్రం రాలేదు.

మా గురాగే కొండల్లో ఎవరైనా తగువు పడితే ముందు కోర్టుకు పోరు. షిమాగిలేల దగ్గరికి, అంటే పెద్దమనుషుల దగ్గరికి పోతారు. గట్టు తగాదా అయినా మొగుడూ పెళ్ళాల గొడవ అయినా అంతే. శాస్త్రవేత్తలు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డారా? వ్యాసానికి రచయిత అనిపించుకోవాలంటే ఎవరు ఆలోచించాలి, ఎవరు రాయాలి, రేపు తప్పు తేలితే ఎవరు జవాబు చెప్పాలి అని నిబంధనలు అచ్చువేసి మా గోడకు అంటించారు. వాటి మీద ఎవరో గొడుగు తగిలించారు. వ్యవహారమంతా గాషే జెర్గా దగ్గరే తేలేది. ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి, కాఫీ కాయించి, చివరికి లేచి నిలబడి, "నా తెల్లజుట్టు మొహం చూసి ఒప్పుకోండి" అనేవాడు. పెద్దమనిషి లేచి ఆ మాట అన్నాక కాదంటే ఇక ఊళ్ళో తలెత్తుకోలేం. ఒప్పుకునేవాళ్ళు. మూడో కప్పు అయ్యాక ఆయన దీవించేవాడు: "పదిమంది నోట మీ పేరు వినబడాలి." అందరం ఆమెన్ అనేవాళ్ళం.

ఆయన ఎందుకలా చేసేవాడో నాకు తెలుసు. కుర్రతనంలో ఒక విదేశీ శాస్త్రవేత్త వెంట ఈ కొండలన్నీ తిరిగాడు. తెగులు తగిలిన మొక్కల్ని ఎంచింది ఈయన, దొరకు చూపించింది ఈయన. పుస్తకం వచ్చాక చూసుకుంటే చివరి పేజీలో "స్థానిక సహాయకుడికి కృతజ్ఞతలు" అని ఉందట.

"పేరన్నా వెయ్యలేదు ఎతాగెన్. ఆ రోజు నేనెంత చిన్నవాణ్ణయిపోయానో నాకే తెలుసు. అందుకే నా దగ్గరికొచ్చిన వాళ్ళలో ఎవర్నీ వదలను" అన్నాడు నాతో ఒకసారి.

అందరికీ పెడితే ఎవరికీ పెట్టనట్టే గాషే, అన్నాను. నవ్వేశాడు.

మిహ్రెత్ సంగతి అక్కడే చెడింది.

మిహ్రెత్ మా కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేసే పిల్ల. మా కొండల్లో తిండి అంటే ఎన్సెట్. అరటికి అక్క లాంటి మొక్క, కానీ పండు కోసం కాదు, బోదె గీకి కోచో రొట్టె చేసుకుంటాం. ఆ మొక్కలు తోటలకు తోటలే వాడి చచ్చిపోతున్నాయి. ఒక ఇంటి కత్తి పక్కింటికి అరువు వెళ్ళినప్పుడల్లా తెగులు కూడా దాని వెంటే పోతోందని, కత్తిని నిప్పులో కాల్చి ఇస్తే ఆగుతోందని ఆ పిల్ల రెండు వానాకాలాలు తోటలమ్మట తిరిగి తేల్చింది. ఆలోచన తనది, పని తనది, వ్యాసం మొదటి మాట నుంచి చివరి మాట వరకూ రాసిందీ తనే. రాజధానిలో పీహెచ్‌డీ సీటు వచ్చేలా ఉంది. కానీ మొదటి పేరు తనదిగా ఒక వ్యాసం చూపిస్తేనే ఇస్తారు. ఇక్కడ కాంట్రాక్టు ఆ ఏటితో సరి.

అప్పుడు మా డైరెక్టరు డాక్టర్ అస్రాత్ మొదటి పేరు తనది కావాలన్నాడు. తన ప్రాజెక్టు, తన జీపు, తన ఫ్రిజ్ లేకపోతే ఆ పిల్ల కాలు తోటలో పడేదా అని ఆయన వాదన. సొమ్మొకడిది, సోకొకడిది! నాకు ఒళ్ళు మండింది. మిహ్రెత్ గోడ మీది గొడుగు తీసి, ఆ నిబంధనలు చదివి వినిపించింది కూడా. అస్రాత్ గాషే జెర్గాకు కబురు పెట్టాడు.

నేనే కాఫీ పోశాను. మిహ్రెత్ ఏమీ దాచలేదు. "మొదటి పేరు నాది కాకపోతే ఆ సీటు రాదు గాషే. ఇక్కడా ఉండను. ఇంకేం చెప్పను?" అంది. అస్రాత్ వెంటనే సీటు సంగతి తనకు వదిలెయ్యమన్నాడు, అక్కడివాళ్ళకు తానే ఉత్తరం రాస్తానన్నాడు. గాషే ఆ మాట నమ్మాడు. మనిషి మనిషికి ఇచ్చిన మాట కదా అనుకున్నాడు. రెండో పేరంటే తక్కువేం కాదమ్మా, డైరెక్టరుతో పోట్లాడి ఏం బావుకుంటావు అని నచ్చజెప్పాడు. ఆ పిల్ల తాగని కప్పు కింద పెట్టేసింది. అప్పుడాయన లేచి నిలబడ్డాడు.

"నా తెల్లజుట్టు మొహం చూసి ఒప్పుకో తల్లీ."

ఒప్పుకుంది. ఆయన దీవించాడు. ఆమెన్ అనడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఉత్తరం ఎవరూ రాయలేదు. సీటు వేరెవరికో పోయింది. వ్యాసం అచ్చయ్యేసరికి మిహ్రెత్ కాంట్రాక్టు అయిపోయి, కొండ మీద వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను కంప్యూటర్లో ఆ వ్యాసం తెరిచి గాషేను పిలిచి చూపించాను. మొదటి పేరు అస్రాత్‌ది. రెండోది రాజధానిలో ఆయన స్నేహితుడిది. మూడోది జెర్గా. నాలుగోది మిహ్రెత్.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నా పేరెందుకుంది?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. అచ్చువేసేవాళ్ళు, మీ పేరు వేస్తున్నాం, అభ్యంతరముంటే చెప్పండి అని ఆయనకు మెయిల్ పెట్టారు. ఆయన మెయిల్ తెరిచే మనిషి కాదు. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. గాషే నేరుగా అస్రాత్ గదిలోకి వెళ్ళి అడిగాడు. తలుపు తెరిచే ఉంది, నాకంతా వినబడింది.

"తగువు తీర్చిన పెద్దమనిషికి కాఫీ పోస్తాం కదా గాషే, ఇదీ అంతే. మర్యాద చేశాను" అన్నాడు అస్రాత్.

పేరు తీసెయ్యమని గాషే అచ్చువేసేవాళ్ళకు రాయించాడు. పేర్లు మార్చాలంటే అందులో ఉన్నవాళ్ళందరూ సంతకం చెయ్యాలన్నారు వాళ్ళు. కేంద్రం పరువు పోతుందని అస్రాత్ చెయ్యనన్నాడు. గాషే ఇంకోసారి అడిగాడు, మళ్ళీ అడిగాడు, ఆపైన అడగడం మానేశాడు. ఆ తర్వాత ఎవరు తగువు తెచ్చినా, వంట్లో బాగాలేదని పంపేసేవాడు. నిజంగానే బాగుండేది కాదు.

ఒక ఆదివారం నా ఇంటికొచ్చి, నాతో రా, పక్కన ఒక మనిషి ఉండాలి, అన్నాడు. ఎందుకో అర్థమైంది. మా వైపు పెద్ద తప్పు చేసినవాడు మెడ మీద రాయి పెట్టుకుని, వంగి, నష్టపోయినవాళ్ళ గడపకు వెళ్తాడు. వాళ్ళు క్షమించానంటేనే దించుతాడు. నేను ఎంతమందిని అలా చూశానో గానీ, తగువులు తీర్చే పెద్దమనిషి మోయడం ఎప్పుడూ చూడలేదు. కొండ కింద వాగులో మంచి బరువైన రాయే ఏరుకున్నాడు. చిన్నది తీసుకోండి గాషే, అన్నాను. వినలేదు. దారిపొడుగునా ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకుని నిలబడ్డారు. ఎవరూ పలకరించలేదు. నాకు ఏడుపొచ్చింది.

మిహ్రెత్ పెరట్లో ఎన్సెట్ బోదె గీకుతోంది. లేచి వచ్చింది. చేతులు మోచేతుల దాకా తెల్లటి పిప్పి. గాషే గడప ముందు వంగి నిలబడ్డాడు.

"దించండి గాషే, మెడ పట్టేస్తుంది" అంది.

"ముందు క్షమించానను తల్లీ."

"క్షమించాను. మీరడిగితే నేనెప్పుడు కాదన్నానని? ఆ రోజూ అనలేదుగా."

నేను రాయి పట్టుకుని దించాను. ఆయన నడుము వెంటనే నిటారు కాలేదు.

వాళ్ళమ్మ కాఫీ గింజలు వేయించింది. రాజీ అయ్యాక కాఫీ తాగకుండా పంపరు. మొదటి కప్పు తాగాం, రెండోదీ తాగాం. మూడో కప్పు అయ్యాక దీవెన కోసం వాళ్ళమ్మ రెండు చేతులూ చాచింది. మిహ్రెత్ కూడా చాచింది.

గాషే లేచి నిలబడ్డాడు. "పదిమంది నోట నీ..." అని ఆగిపోయాడు.

"ఆమెన్" అంది మిహ్రెత్. కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.