అత్తమ్మ ముద్దల లెక్క

మా వైపు ఒకరు తినే ముద్దలు లెక్కపెట్టడం కంటే తక్కువ బుద్ధి ఇంకొకటి లేదు. ఎవరినైనా "ముద్దలు లెక్కపెట్టే రకం" అన్నారంటే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు. అలాంటిది నేను, రెండు వేల దశకం చివర్లో, పాల్వంచ కంపెనీ క్వార్టర్లో ఉంటూ చాలా నెలలపాటు మా అత్తమ్మ తినే తిండిని ముద్దముద్దా లెక్కపెట్టాను. అదీ ఫోన్లో.

కాలు కోసం పెట్టాను ఆ లెక్క. దమ్మపేట దగ్గర పల్లెలో మిరప తోటలో కూలికి పోయినప్పుడు ఆమె కుడికాలి వేలికి ముల్లు దిగింది. పిన్నీసుతో తీసేసి, పసుపు అద్ది, మళ్ళీ తోటలోకి దిగింది. మా దగ్గరికి తీసుకొచ్చేసరికి వేలు నల్లబడి ఉంది. ఒంట్లో షుగరు ఉందని అప్పుడే తెలిసింది. దవాఖానాలో వేలు తీసేసి, డాక్టరు ఆమె మొహం మీదే చెప్పాడు: "పుండు మానాలంటే షుగరు దిగాలె. దిగకపోతే పాదం తీసేయాల్సొస్తది." మామ పోయాక ఒక్కతే కూలి చేసి, కూతురిని టీచరు చదువు చదివించిన మనిషి. మంచంలో కూర్చొని ఒకరు అందిస్తే తినే రకం కాదు. ఆ కాలు పోతే ఆమె ఎక్కువ రోజులు బతకదని నాకు గట్టిగా అనిపించింది. నాకు తల్లి చిన్నప్పుడే పోయింది. ఈమెను కూడా పోనియ్యదలుచుకోలేదు.

నేను కరెంటు కార్ఖానాలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్ని. గంటగంటకూ మీటర్లు చూసి రీడింగులు ఎక్కించడం నా పని. దేన్నైనా అంకెల్లో పెడితే అది లొంగుతుందని అప్పట్లో నా గట్టి నమ్మకం. ఆ సమయంలోనే షిఫ్టులో నా పక్క కుర్చీ అతను బ్లూటూత్‌లో ఒక సాఫ్ట్‌వేర్ పంపాడు. ఇప్పుడైతే యాప్ అంటాం. టచ్ ఫోన్లు మా కాలనీకి ఇంకా రాలేదు, బటన్లు నొక్కాల్సిందే. ఏం తిన్నామో, ఎన్ని గ్రాములు తిన్నామో కొడితే, కేలరీలెన్ని, పిండి పదార్థమెంత, మాంసకృత్తులెంత, కొవ్వెంత అని విడివిడిగా చూపించేది.

కానీ దాని లోపల ఉన్న తిండి మన తిండి కాదు. బ్రెడ్డు, ఓట్స్, పేర్లు పలకడం రాని రకరకాల జున్నులు. జొన్న గటక లేదు, చింతచిగురు పప్పు లేదు, అంబలి లేదు. సరేనని నేనే మా వంటలన్నీ అందులో కొత్తగా చేర్చుకున్నాను. గిన్నెలు అమ్మే కొట్టులో చిన్న తూకం మిషను కొన్నాను. బియ్యమైనా పప్పైనా పచ్చిగా ఉన్నప్పుడే తూచాలి, ఉడికాక తూస్తే నీళ్ళ బరువుతో లెక్క తప్పుతుంది. నూనె అసలు దొంగ, కంటికి కనపడకుండా కూరలోకి పోతుంది. అందుకని వంటకు ముందు సీసాను తూచి, తర్వాత మళ్ళీ తూచేవాణ్ణి. మా ఆవిడ తాలింపు పెడుతూ విసుక్కునేది. పక్క క్వార్టరు ఆవిడైతే గోడ మీద నుంచి, "అత్తకు తూకమేసి పెడ్తున్నడట, కంసాలాయన నయం" అని అందరికీ చెప్పింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఒక చిక్కు మాత్రం ఉంది. మావాళ్ళలో అత్త అల్లుడి ఎదుట కూర్చొని తినదు. నేను హాల్లో ఉన్నంతసేపూ అత్తమ్మ కంచం ముట్టదు. నేను డ్యూటీకి పోయాకో, లోపలి గదిలో పడుకున్నాకో, వంటింటి పరదా వెనక కూర్చొని తినేది. కాబట్టి నేను చేయగలిగింది, కంచంలో పెట్టింది తూచి, మూత వేసి, ఫోన్లో కొట్టేసి తప్పుకోవడమే.

దీన్ని నేను లోపమనుకోలేదు, తెలివి అనుకున్నాను. మా కంట్రోల్ రూములో ఒక అలవాటు ఉండేది. యూనిట్ నిలకడగా నడుస్తుంటే, రాబోయే గంట రీడింగు కూడా ముందే ఎక్కించేసేవాళ్ళం. చేయకూడదు, కానీ అందరూ చేసేవాళ్ళు. మీటరు ముల్లు కదలనప్పుడు మళ్ళీ లేచి చూడటం ఎందుకని. అదే పద్ధతిని ఇంటికి తెచ్చాను. పొద్దున్నే ఆ రోజు మొత్తం తిండిని ఎక్కించేస్తే, రాత్రికి ఇంకెంత మిగిలిందో ముందే తెలిసిపోతుంది. నిజానికి అలాంటి యాప్‌ను వాడుకునే మంచి పద్ధతి అదేనని నేను ఇప్పటికీ అంటాను. తన నోటికి తానే లెక్క రాసుకునే వాడికి అది బాగా పనికొస్తుంది.

భద్రాచలం నుంచి షుగరు డాక్టరు శనివారాలు పాల్వంచ వచ్చేవాడు. ప్రతిసారీ పరగడుపున రక్తం తీసేవాళ్ళు, ప్రతిసారీ షుగరు ఎక్కువే ఉండేది. నేను ఫోన్ చూపించేవాణ్ణి. ఆయన బటన్లు నొక్కుకుంటూ వారమంతా చూసి, "తిండి ఇంత పద్ధతిగ ఉన్నా దిగుతలేదంటే మందు సరిపోతలేదు" అని బిళ్ళలు మాన్పించి ఇన్సులిన్ పెట్టాడు. తర్వాత దాన్ని కూడా పెంచాడు. మా ఆవిడ పొద్దున్నే బడికి పోయే ముందు సూది వేసేది. అత్తమ్మ ఏనాడూ అడ్డు చెప్పలేదు. పుండు మాత్రం అలాగే ఉంది.

అలా పెంచిన తర్వాతి శుక్రవారం నేను నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చాను. మా ఆవిడ అప్పటికే సూది వేసి బడికి వెళ్ళిపోయింది. జొన్నరొట్టె, పెసరపప్పు, సొరకాయ కూర తూచి కంచంలో పెట్టి, ఫోన్లో కొట్టి, పడుకున్నాను. ఎంతసేపు నిద్రపోయానో తెలియదు, ఎవరో కిటికీ కొడుతున్న చప్పుడుకు లేచాను. అడ్డాకు విస్తళ్ళు అమ్మడానికి వారానికోసారి అడవి ఊరి నుంచి కాలనీకి వచ్చే ఆమె. "సారూ, అవ్వ పడిపోయింది" అంది.

వంటింటి గడప దగ్గర అత్తమ్మ పక్కకు ఒరిగి ఉంది. చీర చెమటతో తడిసిపోయింది. పిలిస్తే ఏదో గొణిగింది, మాట ముద్దగా వచ్చింది. నాకు మొదట గుర్తొచ్చింది ఫోనే. పొద్దున కంచం నిండా తింది, అది అందులో ఉంది. అంటే షుగరు పెరిగిపోయిందనుకున్నాను. ఆటో తెస్తానని చొక్కా వేసుకుంటున్నాను. విస్తళ్ళామె గోడకు ఆనుకొని, చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూస్తూ అంది: "అవ్వ ఏం తినలే సారూ. శుక్కురారం తినదు. కంచం నాకే పెడ్తది. ఎవలికి చెప్పొద్దన్నది."

ఖాళీ కంచం కడిగి బోర్లించి ఉంది. సూది మందు ఒంట్లోకి పోయింది, తిండి పోలేదు. డబ్బాలోంచి చక్కెర తీసి నీళ్ళలో కలిపి, తల ఒళ్ళో పెట్టుకొని, చెంచాతో దవడ పక్కన కొంచెం కొంచెం పోశాను. గుటక పడ్డాకే ఇంకో చెంచా పోశాను. కాసేపటికి కళ్ళు తెరిచింది. నన్ను చూడగానే కొంగు తల మీదికి లాక్కుంది. "మీరు పండుకోలేదా అయ్యా? నైటు డ్యూటీ గద" అంది.

ఆటోలో దవాఖానాకు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు మందు మోతాదు బాగా తగ్గించి, నా ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవన్నీ తిన్నదని ఎవరు చూసిన్రు?" అని అడిగాడు.

అత్తమ్మను అడిగితే విషయం అప్పుడు బయటపడింది. ప్రతి శుక్రవారం ఆమె పొద్దంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం వీధి చివర చర్చి ఆడవాళ్ళ ప్రార్థన అయ్యాక, అక్కడ పెట్టిన బెల్లం పానకం తాగి, పస్తున్న కడుపుకి ఇంత అన్నం తినేది. మర్నాడు పరగడుపున రక్తం తీస్తే ఎక్కువే చూపించేది. ఆమె ఒక్కరోజు కూడా అబద్ధం చెప్పలేదు, తిన్నానని ఎప్పుడూ అనలేదు. నేను అడగనూ లేదు. మావాళ్ళు ఉపవాసాన్ని నలుగురికీ చెప్పుకొని చేయరు. మొహం కడుక్కొని, తలకు నూనె రాసుకొని, మామూలుగా తిరగాలి. పక్కవాళ్ళకు తెలిస్తే దాని ఫలం పోయినట్టే.

నాకు కోపం ఎక్కువ. మంచం పక్కనే నిలబడి, వార్డులో అందరూ వింటుండగా, "ఎవరి కోసమమ్మా ఈ ఉపవాసం? కాలు పోతదంటే భయం లేదా?" అని అరిచాను. ఆమె గోడ వైపు తిరిగింది. అప్పుడే బడి నుంచి వచ్చిన మా ఆవిడ నా చెయ్యి పట్టుకొని వరండాలోకి లాక్కెళ్ళింది.

"అరవకుండ్రి. మీ కోసమే" అంది.

పెళ్ళైన మూడో ఏట మాకు పాప పుట్టింది, ఏడవలేదు. ఆ పాపను చిన్న పెట్టెలో పెట్టి నేనే మోసుకెళ్ళాను. ఆ రోజు నుంచి నేను చర్చికి పోలేదు. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఆదివారం డ్యూటీలు అడిగి మరీ వేయించుకున్నాను, అంతే. ఇంట్లో నన్నెవరూ ఎందుకని అడగలేదు. పట్టించుకోలేదనుకున్నాను. అత్తమ్మ మాత్రం ఆ ఏడాది నుంచే శుక్రవారాలు పట్టిందట, నా మనసు మళ్ళీ దేవుడి వైపు తిరగాలని. కూతురికి కూడా అప్పుడెప్పుడో ఒక్కసారే చెప్పిందట. షుగరు వచ్చాక మానేసి ఉంటుందని మా ఆవిడ అనుకుంది.

నా కోసం ముద్ద వదులుకునే మనిషి ముద్దల్ని నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. వరండాలో ఉన్న బల్ల మీద కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గు ఉంది అందులో, కోపం కూడా ఉంది. నన్నడగకుండా నా కోసం ఇంత పని ఎందుకు పెట్టుకుంది అని.

ఇంటికొచ్చాక పాస్టరుగారు వచ్చి, రోగంతో ఉన్నవాళ్ళు ఉపవాసం ఉండనక్కర్లేదని చెప్పి వెళ్ళారు. ఆమె తల ఊపి "అవ్ అయ్యగారూ" అంది. ఆ తల ఊపడం నాకు తెలుసు, వినే తల కాదది. గురువారం నేనే పరదా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"అత్తమ్మా, రేపటి నుంచి శుక్రవారం నేనుంట. మీరు తినుండ్రి."

లోపల గిన్నె చప్పుడు ఆగింది. "నమ్మకం లేని ఉపవాసం ఎట్ల చెల్లుతది అయ్యా?"

"చెల్లుతదో లేదో నాకు తెల్వదు. ఆకలైతే నాకయితది. మీరు మాత్రం నా ముంగట కూసొని తినాలె. తిన్నంక చూసి ఫోన్ల కొడ్త."

మర్నాడు ఆమె హాల్లోకి వచ్చి, నాకు పక్కగా తిరిగి కూర్చుంది. తల ఎత్తలేదు. సిగ్గుతో మొదటి ముద్ద గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. ఎడమ వైపు పళ్ళు లేవని, ఒక పక్కనే నములుతుందని నాకు ఆ రోజే తెలిసింది. రొట్టె అంచులు తినలేక వదిలేసేది. ఇన్నాళ్ళూ నేను కంచంలో పెట్టిందంతా కడుపులోకి పోయినట్టు కొట్టాను. ఆ రోజు మిగిలింది తూచి, తీసేసి, తిన్నంతే కొట్టాను. పదకొండు దాటాక నాకు కళ్ళు తిరిగాయి. ప్రార్థన చేయడానికి నోరు రాలేదు. ఊరికే ఆకలితో కూర్చున్నాను.

ఆ లెక్కతో డాక్టరు మందు మళ్ళీ సరిచేశాడు. వానాకాలం వెళ్ళేసరికి పుండు మూతపడింది. పాదం మిగిలింది. చెప్పులేసుకొని గేటు దాకా నడిచి, పక్క క్వార్టరు ఆవిడకు కాలు ఎత్తి చూపించి వచ్చింది.

నేను చర్చికి తిరిగి వెళ్ళానని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది, కానీ వెళ్ళలేదు. శుక్రవారాలు మాత్రం ఏ షిఫ్టు పడినా మానలేదు. ఆమె కూడా ఇంకో మాట అడగలేదు. నా ఎదుట తింటూ, మధ్యలో ఒకసారి కళ్ళు మూసుకునేది. దేనికో నాకు తెలుసు.

కొన్నేళ్ళకు ఆమె పోయింది, గుండె ఆగి, తన రెండు కాళ్ళ మీద పెరట్లో తిరుగుతూ ఉండగానే. సొంత ఊళ్ళోనే మామ పక్కన పెట్టి వచ్చాం. ఆ వారం శుక్రవారం మా ఆవిడ నాకు అన్నం వడ్డించి కంచం ముందు పెట్టింది. నేను ముట్టలేదు.

"అమ్మ లేదు గద. ఇంకెవరి కోసం?" అంది.

"నా కోసమే. ఆమె దేవుణ్ణి అడిగింది ఇంకా కాలే గద" అన్నాను.

మా ఆవిడ కంచం లోపలికి తీసుకుపోయింది. ఆ పూట తనూ తినలేదు.