కర్పూరం లేని కాటుక

పెద్దమ్మ పోయిందని పొద్దున్నే ఫోనొచ్చింది. నేను రైసు మిల్లుకు బయలుదేరుతుంటే ఆమె కోడలు చేసింది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఆ మాట చెప్పి, ఇంకేదో చెప్పబోయి ఆగి, "జల్ది రా అన్నా" అని పెట్టేసింది. చేతిలో టిఫిన్ డబ్బా అట్లాగే పట్టుకుని పాత గల్లీకి నడిచాను. ఆ డబ్బా ఎందుకు మోసుకుపోయానో నాకే తెలియదు.

ఆమె నాకు చుట్టం కాదు. బాన్సువాడలో మా పాత ఇంటికీ వాళ్ళ ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. మా అమ్మ ఆమెను అక్కా అనేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. ఆమె గురించి గల్లీలో ఎవరిని అడిగినా ఏదో ఒక మంచి మాట చెబుతారు. నేను చెప్పగలిగింది కాటుక గురించి. నా కళ్ళు ఓర్చుకున్న కాటుక ఈ భూమ్మీద ఒక్కటే, అది ఆమె చేతిది. మగవాడివి, నీకు కాటుకేమిటని అడగకండి. అక్కడికే వస్తున్నాను.

తొంభైల మొదట్లో మా గల్లీకి ఒక చిరుతల మేళం ఉండేది. చేతుల్లో చెక్క చిరుతలు వాయించుకుంటూ, పాడుతూ కథ ఆడేవాళ్ళం. వరికోతలు అయిపోయాక నిజాంసాగర్ కాలువ వెంట ఉన్న ఊళ్ళవాళ్ళు పిలిచేవారు, అటు జుక్కల్ దాకా పోయేవాళ్ళం. ఆడవేషాలు మగవాళ్ళే కట్టాలి. మీసాలు సరిగా రానివాళ్ళలో గొంతు కాస్త బాగున్నది నాదే కనుక రాణి వేషం నాకు దక్కింది. ఆ వేషమంటే నాకు ప్రాణం. బడిలో మొద్దు, ఇంట్లో సోమరి అనిపించుకున్న నేను చీర కట్టి పాట ఎత్తుకుంటే ఊరు ఊరంతా చప్పుడు చేయకుండా వినేది. అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్ళు మళ్ళీ దొరకలేదు. మా ఆవిడ ఇది చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

చిక్కంతా కళ్ళతోనే వచ్చింది. రాణి అంటే కళ్ళు చెవుల దాకా సాగాలి. అందుకు కిరోసిన్ కందిలి మసిని కొబ్బరినూనెలో కలిపి గీసేవారు. గీసిన కాసేపటికే మంట మొదలై, నీళ్ళు కారి, మసి చెంపల మీదికి దిగేది. నవ్వుతూ పాడవలసిన పాట కూడా రాణి ఏడుస్తూనే పాడేది. జుక్కల్ దిక్కు ఒక ఊళ్ళో మరాఠీ ముసలమ్మ ఒకామె ఆటలోకి నడిచి వచ్చి, ఏదో ఓదార్పు మాట చెబుతూ కొంగుతో నా ముఖం తుడిచింది. జనం నవ్వారు. నేను మాత్రం నిజంగానే ఏడ్చాను.

ఇది దిష్టి అని మేళానికి ఆట నేర్పే పంతులు, మా అమ్మ కలిసి తేల్చారు. మగపిల్లవాడికి ఆడవేషం అంత కుదిరితే ఊరి కళ్ళు ఊరుకుంటాయా అని వాళ్ళ వాదన. ఇక ఆటకు ముందొకసారి, వెనకొకసారి ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసేవారు. ఆ ఘాటంతా నా కళ్ళకే తగిలేది. కళ్ళు ఇంకా ఎర్రబడితే, దిష్టి గట్టిదని ఇంకో పిడికెడు మిరపకాయలు తెచ్చేవారు. నిజామాబాద్ నుంచి తెప్పించిన దుకాణం కాటుక కూడా అదే పని చేసింది. దాని ధర విని అమ్మ కూడా ఏడ్చినంత పని చేసింది. చివరికి పంతులు, ఇంకొక్క ఆటలో ఇట్లా అయితే వేషం వేరేవాడికి ఇస్తానని తేల్చి చెప్పాడు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ మిరపకాయలు వేస్తుంటే పెద్దమ్మ దగ్గుకుంటూ గోడ అవతల నుంచి వచ్చింది. "గిది దిష్టి కాదు చెల్లె, మసి. పోరని కండ్లు నువ్వే కాలుస్తున్నవ్" అంది. అమ్మకు కోపం వచ్చింది. పెద్దమ్మ దాన్ని పట్టించుకోకుండా నీళ్ళ చెంబు తెచ్చి నా కళ్ళు కడిగింది.

మరునాడు నన్ను దవాఖానకు తీసుకుపోయింది కూడా ఆమే. డాక్టరు రెప్పలు తిప్పి చూసి, కంటి లోపల దెబ్బేమీ లేదన్నాడు. ఆ చర్మానికి కొన్ని పడవని చెప్పాడు. చుక్కల మందు రాసి, పూర్తిగా నయమయ్యేదాకా కళ్ళకు ఏదీ తాకించొద్దన్నాడు. తర్వాత ఏం పెట్టుకున్నా పడుకునే ముందు కడిగేయాలనీ, మంట పుడితే వెంటనే మానేయాలనీ చెప్పాడు. పెద్దమ్మకు ఆ మాటలు కోర్టు తీర్పుతో సమానం. పంతులు రిహార్సల్‌కు రమ్మని వస్తే, పాట పాడించుకో గానీ రంగు ముట్టిస్తే ఊరుకోనని గుమ్మంలోంచే పంపేసింది.

కళ్ళు తేటపడ్డాక ఆమె పని మొదలుపెట్టింది. వాళ్ళ అత్తగారింటి కాటుకకు ఒక పద్ధతి ఉంది. నందివర్ధనం పూల రసంలో నానబెట్టి నీడలో ఆరేసిన గుడ్డతో వత్తి చేయాలి. దాన్ని ఆముదపు దీపంలో వెలిగించి, మూడు ఇటుకల మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టాలి. ఆ మసిలో నెయ్యి, చలువకని చిటికెడు పచ్చకర్పూరం కలపాలి. గాలి తగలకూడదని మధ్యాహ్నం తలుపులు మూసి, ఆ ఉక్కలో దీపం పక్కనే కూర్చునేది. ఆ కాటుకను ముందు నా మోచేతి మడతలో పెట్టింది. తెల్లారేసరికి అక్కడ దద్దురు లేచింది. నేను దిగాలు పడ్డాను. ఇంకేదైనా ఆకో వేరో కలిపి చూద్దామని అమ్మ సలహా ఇచ్చింది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఏం కలుపాలె అని గాదు చెల్లె. ఏం తీసెయ్యాలె అని సూడాలె."

మొదట పచ్చకర్పూరం తీసేసింది. దద్దురు సగం తగ్గింది. తర్వాత పూల రసం తీసేసింది. ఈసారి చర్మం చల్లగా ఉంది, దురద లేదు. మిగిలింది ఆముదం, ఉతికిన నూలుగుడ్డ, ఇంట్లో కాచిన నెయ్యి. అంత తక్కువ సరుకుతో కాటుక అవుతుందని నేను అనుకోలేదు. ఆమె పళ్ళెం తుడిచి పక్కన పెట్టింది. తర్వాత తన సంగతి చెప్పింది.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్త రోజూ ఆ కర్పూరం కాటుకే పెట్టేదట. పెద్దమ్మ కళ్ళు పొద్దంతా కారేవి. కొత్త పిల్లకు ఏం కష్టం పెడుతున్నారోనని గల్లీ గుసగుసలాడింది. పుట్టింటివాళ్ళు వచ్చి నిలదీశారు. పరువు తీసిందని అత్త చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఒక్క పెద్దనాన్న మాత్రం, నీ కండ్లు ఉత్తగనే బాగున్నయి, కాటుక బంద్ చెయ్యమన్నాడట. ఆ కాటుకలో ఏది గిట్టలేదో అప్పుడు ఎవరికీ తట్టలేదు. నా కోసం ఒక్కొక్కటే తీసేస్తూ పోతే, తన కళ్ళ సంగతి తనకు ఇన్నేళ్ళకు తెలిసింది. అప్పటికి పెద్దనాన్న పోయి చాలా కాలమైంది. ఆయనతో పాటే ఆమె బొట్టూ, మళ్ళీ కాటుక పెట్టుకునే వీలూ పోయాయి.

నా తోలూ నీ తోలూ ఒక్కటే బిడ్డా అని, అప్పటి నుంచి ప్రతిసారీ ముందు తన మీదే పరీక్ష చేసుకునేది. కొత్త కాటుకను చెవి వెనుక చుక్కలా పెట్టుకుని రాత్రంతా ఉంచుకునేది. పొద్దున గోడ దగ్గరికి వచ్చి, జుట్టు పక్కకు నెట్టి, చెవి ముందుకు వంచి, "ఎర్రగైందా సూడు" అనేది. నేను గోడ మీద నుంచి వంగి చూసి, ఎర్రగ కాలేదు పెద్దమ్మా అనాలి. అప్పుడు గానీ భరిణె చేతికిచ్చేది కాదు. ఒకసారి తెలివితక్కువగా, నువ్వెందుకు కళ్ళకు పెట్టుకోవు అని అడిగాను. "పెట్టుకుంటున్న గద, చెవెనుక. గక్కడ ఎవరు జూస్తరు" అని నవ్వింది.

ఎట్లా పెట్టుకోవాలో కూడా ఆమే నేర్పింది. కాటుక కంటి లోపల కాదు, రెప్ప వెంట్రుకల పైన గీయాలి. "గట్టు మీద నడువు, మడిల దిగకు" అనేది. వరి పండే ఊళ్ళో పుట్టినవాడికి ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు? తర్వాతి ఆటలో రాణి నవ్వవలసిన చోట నవ్వింది. పంతులు మళ్ళీ వేషం మార్చే మాట ఎత్తలేదు. అమ్మ కూడా మిరపకాయలను పచ్చడికి మళ్ళించింది.

ఈ సంగతి తెలిసి గల్లీలో కళ్ళకు కాటుక గిట్టనివాళ్ళంతా ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆమె ఎవరికీ ఊరికే ఇచ్చేది కాదు. ముందు డాక్టరుకు చూపించుకుని రమ్మనేది. ఒకరి కంటికి పడింది ఇంకొకరికి పడాలని లేదనేది. ఒకరి భరిణెలో ఇంకొకరి వేలు పెట్టనిచ్చేది కాదు. చంటిపిల్లల తల్లులకైతే, కంట్లో వద్దు, అరికాలుకు చుక్క పెట్టి మురుసుకోండని చెప్పి పంపేది. డబ్బు ఇవ్వబోతే కసురుకునేది.

టీవీలు ఇంటింటికీ వచ్చాక మేళం చెదిరిపోయింది. నేను మిల్లులో చేరాను, పెళ్ళయింది, వేరే గల్లీకి మారాను. నా పాటలు మిల్లు చప్పుడులో కలిసిపోయాయి. కానీ ఆ కొన్నేళ్ళు నేను రాణిగా బతికానన్నది ఎవరూ తీసుకోలేని సంగతి. దానికి పెద్దమ్మకు రుణపడి ఉన్నాను. ఈ మాట ఆమె ముందు ఒక్కసారీ అనలేదు. అని ఉంటే, పని చూసుకో పో అనేది.

ఇప్పుడు ఆమె చివరి భరిణె మా ఇంట్లో ఉంది. అది ఎట్లా వచ్చిందో చెబుతాను.

మా అమ్మాయికి నా కళ్ళే వచ్చాయి. బడి వార్షికోత్సవంలో డాన్స్ ఉందని దుకాణం పెన్సిల్ గీసుకుని, ఉబ్బిన రెప్పలతో ఇంటికొచ్చింది. డాక్టరుకు చూపించాం, మందు వాడాం, తగ్గింది. కానీ కాటుక లేకుండా అందరి మధ్య నిలబడనని మొండికేసింది. పెద్దమ్మకు వయసు మీద పడింది, అడగడానికి నాకు మొహమాటం. అయినా పోయి అడిగాను. ఆమె వణుకుతున్న చేతులు ఒకసారి చూసుకుని, "చేస్త బిడ్డా. జర నా చెవెనుక ఒక రాత్రి ఉండనియ్యి" అంది.

తర్వాత వచ్చింది ఆ ఫోనే.

నేను వెళ్ళేసరికి ఆమెను నడవాలో చాప మీద పడుకోబెట్టారు. మూలన మూడు ఇటుకలు అట్లాగే ఉన్నాయి. కోడలు కళ్ళు తుడుచుకుంటూ కిటికీలో ఉన్న ఇత్తడి భరిణె తెచ్చి చూపించింది. "నిన్న పొద్దంత దీపం కాడనే కూసున్నది. వద్దంటే ఇనలే. మరి పెట్టి సూసిందో లేదో తెల్వదన్నా. పారెయ్యాల్నా?" అని అడిగింది.

పెద్దమ్మ తల దగ్గర కూర్చున్నాను. తెల్ల జుట్టు చెవి మీద పడి ఉంది. దాన్ని పక్కకు నెట్టి, చెవిని కొద్దిగా ముందుకు వంచాను.

చుక్క ఉంది. నల్లగా, గుండ్రంగా, చేయి వణికిన చోట కాస్త పక్కకు సాగి ఉంది. గోడ మీద నుంచి చూసినట్టే వంగి చూశాను. దాని చుట్టూ చర్మం మామూలుగా ఉంది, ఎక్కడా దద్దురు లేదు.

"ఎర్రగ కాలేదు పెద్దమ్మా" అన్నాను, ఆమెకు వినపడేటట్టు.