సూర్రావు గారి మూడో క్లచ్

భోగాపురం విమానాశ్రయం పనులు జోరందుకున్న రోజుల్లో, నా ఉద్యోగంలో ఆఖరి మజిలీగా, విజయనగరంలోని ఒక కార్ల షోరూముకు వర్క్‌షాప్ మేనేజరుగా వేశారు నన్ను. అప్పటికే ముప్పయ్యేళ్లు ఇంజన్ల మధ్య గడిపినవాణ్ని. కొత్తగా చూడాల్సిందేమీ లేదనుకున్నాను. సూర్రావు గారిని చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

ఆయన భూములు అమ్మి, ఆపైన కంకర సప్లై చేసి పైకొచ్చిన మనిషి. నేలకు జానెడు ఎత్తులో ఉండే, రేసులకు పనికొచ్చే ఎర్ర కారు ఒకటి కొన్నారు. ఆ కారు వేగానికి తగిన రోడ్డు ఆయన ఊరి చుట్టుపక్కల లేదు. ఉన్న రోడ్డును ఆయన కంకర లారీలే గుంతలు చేసి పెట్టాయి. అయినా కొన్నారు. అవసరానికి కారు కొనేవాళ్లు కొందరు, ఎదురింటివాడికి చూపించడానికి కొనేవాళ్లు కొందరు. మా షోరూము రెండో రకం వాళ్ల మీదే బతికేది.

ఏడాది తిరక్కుండానే ఆ కారుకు రెండు క్లచ్‌లు మార్చాం. వేసవిలో మూడోసారి లారీకి కట్టి లాక్కొచ్చారు. క్లచ్ అంటే ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించే పళ్లెం. పెడల్ తొక్కితే విడిపోతుంది, వదిలితే పట్టుకుంటుంది. సగం తొక్కి ఉంచితే అటూ ఇటూ కాక ఒరుసుకుని కాలిపోతుంది. అది అరిగే సామాను కాబట్టి, తయారీ లోపమని రుజువైతేనే కంపెనీ ఉచితంగా మారుస్తుంది. ఆ సంగతి తేల్చే అధికారం ఏరియా సర్వీస్ ఇంజనీరుది.

ఇంజనీరు గారు వచ్చారు. కారుకు లాప్‌టాప్ తగిలించి, చొక్కా మడత నలగకుండా, "డ్రైవింగ్ లోపం" అని తేల్చి భోజనానికి వెళ్లిపోయారు. కింద వంగి చూసిన పాపాన పోలేదు. నడిపేది ఎవరని అడగనూ లేదు.

అడగక్కర్లేదని అందరి నమ్మకం. సూర్రావు గారికి రమణ అనే డ్రైవరు ఉండేవాడు.

"ఈడికి క్లచ్చి మీంచి కాలు తియ్యడం రాదండి. మూడు కాల్సీసినాడు. ఇంకెవుడూ ఈడి సేతికి తాళం ఇవ్వకుండా సూస్తాను" అన్నారు సూర్రావు గారు, రమణ పక్కన నిలబడి ఉండగానే.

అది ఉత్త బెదిరింపు కాదు. లారీల వాళ్లూ, ట్యాక్సీల వాళ్లూ ఆయన చెప్పుచేతల్లో ఉండేవారు. క్లచ్‌లు కాల్చేవాడన్న పేరు పడితే విజయనగరం నుంచి టెక్కలి దాకా రమణకు స్టీరింగు దొరకదు. అతనికి వేరే పని రాదు.

గేర్‌బాక్స్ దింపించాను. పళ్లెం బొగ్గయింది. ఆయిలు కారి జారిందేమోనని చూశాను, పొడిగానే ఉంది. పెడల్ పూర్తిగా వెనక్కి వస్తోంది. ఒక పక్కే అరిగి ఉంటే బిగింపులో తేడా అనుకోవచ్చు, కానీ అంతా ఒకేలా మాడింది. పళ్లెం ఆనుకునే ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు తేలాయి. అంటే చాలాసేపు సగం క్లచ్ మీద నడిచిన కారు. ఇంతవరకూ ఇంజనీరు గారి మాటే నిజం, అదృష్టం కొద్దీ.

అప్పుడు ముందు బంపరు విప్పించాను. రేడియేటరు ముందున్న జాలీ నిండా మెరుపు కాగితం ముక్కలు, ఎండిన బంతి రేకులు. అద్దం కింద గాడిలో పసుపు బియ్యం. పెళ్లి ఊరేగింపుల్లో గొట్టాలు పేల్చి ఎగజల్లే కాగితాలవి. రోడ్డు మీద పరిగెత్తే కారుకు ఇంతలా పట్టవు. నిలబడ్డట్టే నడిచే కారులో ఇంజను వేడెక్కి, ఫ్యాను ఆగకుండా తిరుగుతుంటే లోపలికి పీల్చుకుంటుంది.

మా వైపు పెళ్లికొడుకును ఎక్కించుకున్న కారు డప్పుల వెనక నడవాలి. ప్రతి కూడలిలోనూ కుర్రాళ్లు ఆగి ఆడతారు. వాళ్లు కదిలితే కారు కదలాలి. ఈ రేసు కారేమో మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలితే డప్పులవాళ్ల మీదికి ఎక్కేస్తుంది.

రమణను పక్కకు పిలిచి, ఊరేగింపుల్లో ఎవరు తోలతారని అడిగాను.

"నాకేటి తెల్దు బాబూ" అన్నాడు నేల చూస్తూ. అతనికి అంతా తెలుసని నాకు అప్పుడే అర్థమైంది.

కొత్త క్లచ్ వేసి సూర్రావు గారిని రప్పించాను. రమణ తప్పు ఎక్కడుందో నాకు బోధపడటం లేదు, మీరే నడిపి చూపించండి, ఊరేగింపులో లాగా నేను ముందు నడుస్తాను అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నల్లద్దాలు పెట్టుకుని మరీ కూర్చున్నారు.

"సూడరా, నేర్సుకో!" అని రమణకు కేక వేసి కారు కదిపారు. జనం వినాలి కదా, ఒక కాలితో ఇంజనును గర్జింపజేస్తూ, రెండో కాలితో క్లచ్ మీద పట్టి ఆపుతూ, నా వెనకే వచ్చారు. నేను ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది.

"మా సుట్టాల పెళ్లిళ్లన్నిటికీ నానే తోల్తానండి. ఇంకెవుడికీ ఇవ్వను. పెళ్లికొడుకు నెత్తి మీద అచ్చింతలు కూడా కదలవు" అన్నారు కిటికీలోంచి తల బయటపెట్టి.

యార్డు చుట్టూ అలా తిరుగుతూనే ఉన్నాం. కాసేపటికి మాడు వాసన మొదలైంది. మెకానిక్కులు పని ఆపి చూశారు. ఆపైన బానెట్ కిందినుంచి పొగ. ఆయన దిగి, రమణ వంక చూడకుండా అన్న మాట ఇదీ: "సూసారా, కారే మంచిది కాదు."

రమణ జేబులోంచి రెండో తాళం తీసి బానెట్ మీద పెట్టాడు. "మీరే తోలుకోండి బాబూ. మీ అంత నున్నగా నాను తోల్లేను" అని గేటు దాటి వెళ్లిపోయాడు. యార్డులో నవ్విన వాళ్లను నేను మందలించలేదు. సాయంత్రానికల్లా ఆ నవ్వు ట్యాక్సీ స్టాండు దాకా పాకింది. రమణ ఇప్పుడు బొబ్బిలి వైపు ఒక బడి బస్సు నడుపుతున్నాడు.

కంపెనీకి పంపే నివేదికలో "యజమాని స్వయంగా నడిపినందున క్లచ్ కాలింది" అని రాశాను. ఇంజనీరు గారు ఫోన్ చేసి, కస్టమరు మనసు నొచ్చుకుంటుంది, ఆ మాటలు తీసేయండి అన్నారు. డ్రైవరు మనసు సంగతి ఆయనకు తట్టలేదు. నేను తీయలేదు.

ఆ తరవాత మా మెకానిక్కులకు ఒకటే చెబుతూ వచ్చాను. పదేపదే క్లచ్ కాలే కారు వస్తే, దాన్ని రోజూ తోలే మనిషిని అడిగి ఊరుకోకండి. దాన్ని చూసుకుని మురిసిపోయే మనిషి చేత ఒకసారి తోలించండి.