డీలియా వదిన కాన్సర్టినా

క్లేర్ సీమ పడమటి సముద్రపు ఒడ్డున ఏ వాయిద్యం గొప్పదని అడగడమంటే, నలుగురు తోటికోడళ్ళను కూర్చోబెట్టి ఎవరి వంట బాగుంటుందని అడగడమే. డీలియా కాన్సిడైన్ వంటింట్లో ఆ తగువు ప్రతి ఆదివారం చర్చిలో పూజ ముగిశాక మొదలయ్యేది. టీ కెటిల్ రెండుసార్లు ఖాళీ అయినా తెగేది కాదు.

డీలియాది కాన్సర్టినా పక్షం. రెండు అరచేతుల మధ్య తిత్తిలా సాగి ముడుచుకునే చిన్న పెట్టె అది. ఆ ఊళ్ళలో దాన్ని ఎక్కువగా ఆడవాళ్ళే వాయిస్తారు, చెమ్మ తగలకుండా పొయ్యి పక్క గూట్లో దాచుకుంటారు. ఆమె తొమ్మిదో ఏట మేనత్త దగ్గర నేర్చుకుంది. పెళ్ళయ్యాక ఆవులు, కోళ్ళు, ఐదుగురు పిల్లలతో ఊపిరి సలపకపోయినా వదల్లేదు. భర్త టామ్ పోయినప్పుడు మాత్రం ఆచారం ప్రకారం ఏడాదిపాటు పెట్టెను ముట్టుకోలేదు. ఏడాది నిండిన మర్నాడు పొద్దున్నే దించి, పాలు పితకడం కూడా మరిచి వాయించిందట. ఆవులు అరిచి గోల చేశాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమెకు ఎదురుపక్షం ప్యాకీ టాల్టీ. వరసకు మరిది, చేతిలో ఫిడేలు, నోట్లో వెటకారం.

"వదినా, అది వాయిద్యమా, కొలిమి తిత్తా? గుర్రాలకు నాడాలు కొట్టేచోట ఉండాల్సింది వంటింట్లో పెట్టుకున్నావు."

"గుర్రం తోక వెంట్రుకల కమాను పట్టుకుని గొర్రె పేగుల తీగల మీద గీకేవాడివి, నువ్వా నాకు చెప్పేది? ఆ రెండూ చచ్చినా నీ చేతిలో ఇంకా ఏడుస్తూనే ఉన్నాయి కదరా!"

ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళ లెక్కలో మూడే కాళ్ళు. కానీ డీలియా రీలు అనే చిందుపాట ఎత్తుకుందంటే ప్యాకీ కూడా లేవాల్సిందే. ఎనిమిదిమంది జతలు కట్టి, నాపరాళ్ళ నేల మీద మేకుల బూట్లతో దరువేస్తుంటే గూట్లో కప్పులు గలగలలాడేవి. ఆ వేలి చురుకు, ఆ లయ చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఇంకెవరికీ లేవు. ఆ మాట ప్యాకీ నోట మాత్రం ఒక్కనాడూ రాలేదు.

అరవై ఎనిమిదేళ్ళ డీలియా దగ్గర అప్పటికి రెండేళ్ళుగా ఒక రహస్యం ఉంది. ఆమెకు చెవులు పోయాయి. ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత వాన చప్పుడు, ఆ తర్వాత తన పెట్టె చప్పుడే పోయింది. మనుషుల మాట పెదవులను బట్టి పోల్చుకునేది. పాట వేళ్ళకు తెలుసు. లయ మాత్రం నేల చెప్పేది. దరువు నాపరాళ్ళలోంచి అరికాళ్ళకు పాకి వచ్చేది.

బయటపెట్టకపోవడానికి కారణం పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్న మార్టీ హావ్. ఒకప్పుడు ఫ్లూటులో అతన్ని మించినవాడు లేడు. పళ్ళూడాక ఊపిరి పక్కకు పోవడం మొదలైంది. వాయించవద్దని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ అలా చెప్పరు. మంచి కుర్చీ వేస్తారు, టీలో ఇంకో చెంచా చక్కెర వేస్తారు, "ఒకటి వాయించు మార్టీ" అని అడగడం మానేస్తారు. అడక్కుండా వాయించేవాడు ఆ ఊళ్ళో లేడు. డీలియాకు చావు భయం లేదు గానీ ఆ మంచి కుర్చీ అంటే గుండె దడ.

పంతొమ్మిదివందల యాభై ఏడు వసంతంలో, ఒక ఆదివారం డబ్లిన్ నుంచి రేడియో మనిషి రికార్డు చేసే యంత్రంతో దిగాడు. ఆ ఊరికి ఒక్క పాటే తీసుకుంటానన్నాడు, అదీ ఒక్క వాయిద్యం మీద. ఇంకేముంది, తగువు తారస్థాయికి చేరింది. చివరకు ప్యాకీ, డీలియా ఒకే రీలు వాయించాలనీ, బాగున్నది అతను తీసుకోవాలనీ తేలింది. అక్కడే వచ్చింది చిక్కు. బూట్ల చప్పుడు పాటను మింగేస్తుందని రేడియో మనిషి నేలంతా దుప్పట్లు పరిపించి, ఎవరూ కాలు కదపవద్దన్నాడు.

ప్యాకీ అద్దంలా వాయించాడు. తర్వాత డీలియా కుర్చీ ముందుకు జరుపుకుంది. కాళ్ళ కింద మెత్తటి ఉన్ని. నేల మూగబోయింది. మొదటి మలుపు దాకా వేళ్ళే లాక్కుపోయాయి. రెండో మలుపులో లయ తప్పింది, తిత్తి ముందుకు పరిగెత్తింది. ఎదురుగా ముఖాలు ఒక్కొక్కటే నేల చూపులు చూస్తుంటే ఆమెకు అర్థమై ఆపేసింది.

ప్యాకీయే అందుకున్నాడు. "వేళ్ళు కొయ్యబారాయేమో వదినకు. పొద్దున్నుంచీ చలిగాలి కదా."

చక్కటి సాకు. కళ్ళకద్దుకుని పుచ్చుకోవచ్చు. డీలియా దాన్ని పుచ్చుకోలేదు.

"వేళ్ళకేం రోగం లేదురా. నాకు చెవులు లేవు. రెండేళ్ళయింది. మీ కాళ్ళను బట్టి వాయిస్తున్నాను, దుప్పటి వేస్తే నాకు దిక్కు తెలియదు."

డీలియా పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ఆ ఇంకో చెంచా చక్కెర కోసం ఎదురుచూస్తున్నదానిలా కూర్చుంది. అప్పుడు మార్టీ హావ్ లేచాడు. ఆమె ఎదురుగా వచ్చి, పెదవులు కనబడేలా వంగాడు.

"ఒకటి వాయించు డీలియా."

తర్వాత దుప్పటి కొస పట్టుకుని తనే లాగేశాడు.

"అయ్యో, కాళ్ళ చప్పుడు పడుతుందండీ!" అన్నాడు రేడియో మనిషి.

"పడనీ బాబూ," అంది డీలియా. "కాళ్ళు కదపని రీలు ఎవరికి, శవానికా?"

బూట్లు విప్పేసి, మేజోళ్ళతో నాపరాయి మీద పాదాలు ఆనించింది. ఎనిమిదిమంది లేచారు. ఆ రోజు ఆమె వాయించిన వాయింపు గురించి నాకు చెప్పడం చేతకాదు. రేడియో మనిషి యంత్రం తిరుగుతున్న సంగతే మరిచిపోయి మడమ ఆడిస్తూ నిలబడ్డాడంటే చాలు.

ఆరు వారాల తర్వాత అది రేడియోలో వచ్చింది. ఊరంతా డీలియా వంటింట్లోనే ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, వినపడని పాటను జనం ముఖాల్లో చూస్తూ కూర్చుంది. అయిపోయాక ప్యాకీ వైపు తిరిగి, "ఎలా ఉందిరా?" అని అడిగింది.

ప్యాకీ తన బూట్లకేసి చూస్తూ ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పరా. చెవిటిదాన్నని తెలుసుగా!"

ఇరవైమంది వింటుండగా ప్యాకీ లేచి, పెదవులు కనబడేలా ఆమె ముఖానికి ఎదురుగా వంగి అరిచాడు. "కాన్సర్టినాయే గొప్పది వదినా! ఫిడేలు కంటే గొప్పది!"

పెరట్లో ఆవు తల తిప్పి చూసింది. డీలియా చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, నుదురు చిట్లించింది.

"ఏమిటీ? సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పు."

ఆమెకు ఆ మాట అందలేదంటే ఆ గదిలో ఒక్కరూ నమ్మలేదు. ప్యాకీ కూడా నమ్మలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పాడు.