పాన్‌డబ్బాలో గోలీలు

నేనూ మా వదినా వికారాబాద్‌లో తాండూరు ప్యాసింజర్ ఎక్కాం. నెలల తరబడి దిగులుగా మూలన కూర్చునే నాకు గాలి సోకిందని వదిన నమ్మకం, తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తోంది. డాక్టర్ ఇచ్చిన గోలీలు పారేయమంది. అవి పట్టుకుని కిటికీలోంచి చెయ్యి చాపాను.

ఎదురుగా కూర్చుని అంతా విన్న బురఖా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చిన్నప్పుడు ఏమైంది బిడ్డా?"

"అమ్మ పోయింది. మేనమామ ఇంట్ల దెబ్బలు తిని పెరిగిన."

"నాదీ గంతే. చిన్నతనంల గంత భయపడితే మెదడుల రసాలు గడబిడ అయితయంట, పెద్దయినంక దిగులు పట్టుకుంటదంట. మా డాక్టర్ చెప్పిండు. గాలి కాదు, గీలి కాదు."

పాన్‌డబ్బా తెరిచింది. వక్కల పక్కన నా గోలీల్లాంటివే. "పాన్ల వెట్టుకొని నమిలిన, చేదుకు సచ్చిన. నువ్వు నీళ్లతోని మింగు."

నవ్వు ఆగలేదు. ఆమె ఇచ్చిన నీళ్లతోనే మింగాను.

కొన్ని నెలలకు రొట్టెలు చేస్తూ పాట అందుకున్నాను. "చూసినవా, తాయెత్తుకు గాలి దిగింది," అంది వదిన. ఆ పూట గోలీ మింగి, "దిగింది వదినా," అన్నాను.