మన జాడ ఎవరికి చెప్పాలి

మా ఇంటాయన కనబడక ఈ రోజుకు నలభై ఒక్క రోజులు. ఆ సంగతి రాద్దామని కూర్చుంటే ముందు చుక్కల గురించి రాయవలసి వస్తోంది. మా ఇంట్లో ఈ గొడవ చుక్కలతోనే మొదలైంది.

ఆయన తప్పిపోవడానికి నెల ముందు, మా మనవరాలికి కాలేజీలో మాట్లాడే పోటీ వచ్చింది. ఆకాశంలో ఎక్కడో మనలాగా బుద్ధి ఉన్నవాళ్ళుంటే, మనమే ముందుగా వాళ్ళను పిలవడం మంచిదా, ముప్పా అన్నది విషయం. ఆమె ముప్పు అనే వైపు మాట్లాడాలి. నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే నా ఎదుట నిలబడి చదివేది. నేను ఐదో తరగతితో ఆగినదాన్ని. అయినా ఈ విషయంలో నాకు చెప్పవలసింది ఉంది.

మా అమ్మగారింట్లో ఒక కట్టుబాటు. మనిషి కనబడకుండా గొంతు ఒక్కటే వినబడితే, మూడోసారి పిలిచేదాకా పలకకూడదు. గాలీ ధూళీ రెండుసార్లకు మించి పిలవలేవట. కాపురానికి వచ్చాక ఇక్కడా అదే పెట్టాను. కొడుకునూ, వాడి కూతురినీ అలాగే పెంచాను.

“పలకనీకే మూడుసార్లు ఆగుతం మనం. తెలువనోళ్ళని మనమే పిలుస్తమా? రాస్కో గిది,” అన్నాను.

రాసుకుంది. వెనకటికి ఎవరో మనం ఉండే చోటు గుర్తులు రేకు మీద చెక్కి ఆకాశంలోకి పంపారని కూడా చెప్పింది.

“తాళంచెవికి ఇంటి నంబర్ కట్టి బజార్ల పడేసినట్లే. బుద్ధున్నోళ్ళు చేసే పనేనా?”

మా ఇంటాయన జీవితమంతా పుస్తకాలకు అట్టలు కట్టిన మనిషి. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న పాత పుస్తకానికి జిగురు పూస్తూ తల ఎత్తాడు.

“అందరు చెవులు పెట్టి కూసుంటే పలికేటోడెవ్వడే?”

“నువ్వు పలుకు. ముందుగాల నీ చెప్పులేడున్నయో చెప్పు.”

అప్పటికే ఆయనకు మరుపు పట్టుకుంది. నా మాటకు ఆయన, పిల్ల నవ్వారు. నేను నవ్వలేదు.

పోటీలో మనవరాలు గెలిచింది. స్టీలు డబ్బా ఇచ్చారు. వాడితే గీతలు పడతాయని దాచాను. ఆ వారమే ఆమె తాత పేరు, మా ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి ఆయన చొక్కా జేబులో పెట్టింది. నేను తీసేశాను.

“ఎవని చేతిల పడ్తదో ఏమో. ఇంట్ల నువ్వొక ఆడపిల్లవున్నవ్.”

“తాత తప్పిపోతే ఎట్ల నానమ్మా?”

“నేను లేనా?”

చీటీ వెనకవైపు ఖాళీగా ఉంది. ఒకవైపు ఖాళీ ఉన్న కాగితాన్ని నేను పారేయను. దాని మీద ఉప్పు, చింతపండు, మెంతులు అని రాసుకుని బేగం బజార్‌కు పట్టుకుపోయాను.

ఆయన తప్పిపోయిన ఆదివారం పొద్దున మిద్దె మీద వడియాలు తిరగేస్తున్నాను. కింద మెట్ల దగ్గర నుంచి పిలుపు వచ్చింది. “ఇగో, ఇంటున్నవా?” యాభై ఏళ్ళుగా వింటున్న గొంతు. తెలియక కాదు. అలవాటు నా నోరు కట్టేసింది. మళ్ళీ “ఇగో” అన్నాడు. మూడోది వస్తుందని చేతిలో వడియంతో ఆగాను. రాలేదు.

దిగి వచ్చేసరికి ఆయన లేడు. అబిడ్స్‌కు ఉరికాను. మూసిన దుకాణాల ముందు పుస్తకాలు పరుచుకున్నవాళ్ళందరికీ ఆయన తెలుసు. “పెద్దాయన ఇయ్యాల రాలేదమ్మా,” అన్నారు.

కొడుకు పోలీసులకు కాగితం ఇచ్చాడు. డ్యూటీ దిగి రోజూ దవాఖానలన్నీ తిరుగుతున్నాడు. మనవరాలు ఆయన ఫోటోతో పాంప్లెట్ చేసింది. నేను మా నంబరు వద్దన్నాను, పోలీస్ స్టేషన్ నంబరు చాలన్నాను. వారం గడిచినా ఎక్కడి నుంచీ కబురు లేదు. ఎనిమిదో రోజు నా గట్టితనం కరిగిపోయింది.

“మన ఫోన్ నంబర్ పెట్టు. ఇంటి నంబర్ గూడ.”

“ఫోన్ చాలదా? ఇల్లెందుకు నానమ్మా?”

“ఫోన్ లేనోడు తోలుకొస్తే ఏడికి తోలుకొస్తడు?”

“నాతోని స్టేజీ మీద ముప్పు ముప్పు అని చెప్పిచ్చినవ్ గదా!”

“ముప్పే. గిప్పుడు గూడ ముప్పే అంటున్న. రాయి.”

నేను భయపడినవన్నీ వచ్చాయి. ఒకడు మమ్మల్ని బేగం బజార్‌కు రమ్మని, ఎండలో రెండు గంటలు నిలబెట్టి, ఫోన్ చేసి నవ్వాడు. ఒకడు తాత సంగతి అడగకుండా ఇంట్లో ఇంకెవరెవరున్నారని అడిగాడు. తర్వాత రెండు రోజులు సందు మొదట్లో ఒక మనిషి మా గడప వైపే చూస్తూ నిలబడ్డాడు. అప్పటి నుంచి పిల్లను కాలేజీకి వాళ్ళ నాన్న దించి వస్తున్నాడు.

ఒక సాయంత్రం మనవరాలు అంది: “నువ్వు మన ఇంటి జాడ ఇచ్చినవ్, సరే. ఆకాశంలోళ్ళని పిలిచేటోళ్ళు అందరి ఇండ్ల జాడ ఇస్తరు. అందర్ని అడిగిన్రా వాళ్ళు?”

“నిన్ను నేను అడిగిన్నా?” అన్నాను.



ఆకాశంలో ఉన్నవాళ్ళకు బుద్ధి ఉంటే మనకు భయం లేదని ఆమెతో పోటీ పడిన పిల్లలు చెప్పారట. నన్ను ఎండలో నిలబెట్టి నవ్వినవాడికీ బుద్ధి ఉంది. బుద్ధికీ దయకూ చుట్టరికం ఉందని వాళ్ళకెవరు చెప్పారో. అయితే ఇంకో సంగతి కూడా ఇప్పుడు తెలిసింది. భయం పోయేదాకా ఆగి ఎవరూ పిలవరు. పోగొట్టుకున్నవాళ్ళు భయంతోనే పిలుస్తారు. ఆ పిలుపు పక్కనున్న పిల్ల మీదికి ఏం తెస్తుందో తెలిసి కూడా పిలుస్తారు. అది మంచిదని నేను అనను. నా వల్ల కావడం లేదు, అంతే.

నిన్న పొద్దున ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. ఖైరతాబాద్‌లో ఒక షట్టర్ ముందు, పాంప్లెట్‌లో ఉన్నట్టే గళ్ళచొక్కా పెద్దమనిషి కూర్చున్నాడంది. ఆటో ఎక్కాము. దారి పొడుగునా నేను ఆయనను తిట్టవలసిన తిట్లన్నీ వరసగా పెట్టుకున్నాను.

వెనక నుంచి మెడ ఆయనదే అనిపించింది. ముందుకు వెళ్ళాను. కాదు.

ఆ మనిషి నన్ను చూసి లేవబోయాడు. “నా కోసమే వచ్చిన్రా?”

కాదు అనాలి. మనవరాలు కింద కూర్చుని, “మీ ఇల్లేడ తాతా?” అంది. ఆయన బస్సులు పోయే వైపు చెయ్యి చూపాడు. ఆమె ఫోన్‌తో ఆ మనిషి ఫోటో తీసి, దాని కింద ఏదో రాసి అందరికీ పంపింది.

“ఎవ్వరి నంబర్ పెట్టినవే?”

“మనదే. ఇంకెవ్వరిది పెట్టాలె?”

పిల్లను తిట్టాలనుకున్నాను. షట్టర్ ముందు మెట్టు మీద ఆ మనిషి పక్కన కూర్చున్నాను. మేము ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి జీపు ఎక్కిస్తుంటే, “నువ్వు రావా?” అని అడిగాడు. తలుపు మూసేశారు.

ఇంటి నంబరు ఇక తీసేద్దామన్న మాట నోటిదాకా వచ్చింది. పిల్ల కోసమైనా అనాలి. సంచిలో ఇంకా పాంప్లెట్ కాగితాలు మిగిలి ఉన్నాయి. జిగురు డబ్బా మూత తీసి, ఆ షట్టర్ పక్క గోడ మీద మొదటిది నేనే అంటించాను.